కొబ్బరి కేకు వద్దన్న మనిషి

ఆ ఆదివారం ఉదయం డ్రీమా కాస్టో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చర్చికి వెళ్లాలి, ఆరాధన అయ్యాక కింది హాల్లో అందరితో కలిసి భోంచేయాలి, చివర్లో తీపి మాత్రం ముట్టకూడదు. అంతే. ఇందులో ఎవరి కొంపా మునగదని ఆమె అనుకుంది. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో పుట్టి, ఇక్కడే అరవై దాటిన మనిషి అలా ఎలా అనుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తీపి మానడం వెనక ప్రభుత్వం ఉంది. పేదవాళ్ల ఆరోగ్య బీమాను రాష్ట్రం వాళ్లు ఆ ఏడాది సంస్కరించారు. జబ్బు పడ్డాక ఆసుపత్రి బిల్లులు కట్టే బదులు, జబ్బు పడకుండా ఉన్నందుకే జనానికి ఎంతో కొంత ముట్టజెబితే చవకలో పోతుందని రాజధానిలో ఎవరికో తట్టింది. డాక్టరుకు చూపించుకోవాలి, బరువు తగ్గుతానని సంతకం పెట్టాలి, వారం వారం ఫోన్ చేసే ఆరోగ్య సలహాదారుతో మాట్లాడాలి. అనుకున్న బరువుకు దిగితే ఒక కార్డు మీద డబ్బు వేస్తారు. ఆ కార్డుతో కొట్లో ఆరోగ్యకరమైన సరుకులు కొనుక్కోవచ్చు.

నిజం చెప్పాలంటే డ్రీమా సంతకం పెట్టింది కార్డు కోసం కాదు, ఫోన్ కోసం. భర్త ఆర్విల్ పోయాక ఆ ఇంట్లో గోడ గడియారం తప్ప మాట్లాడేది లేదు. ఊరి బడి వంటగదిలో ఇరవై ఏళ్లు పనిచేసిందామె. పిల్లలు తగ్గిపోయి బడి మూసేశారు. ఊరందరి పిల్లలకూ వండిపెట్టిన చేయి ఒక్క మనిషికి సరిపడా వండటం నేర్చుకోలేకపోయింది. గురువారం పొద్దున ఫోన్ వస్తుందంటే ఆమె తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేది. అవతలి పిల్లకు కనబడదని ఆమెకు తెలియక కాదు.

ఆ పిల్ల పేరు టెస్. ఎదురుగా రాసిపెట్టుకున్నది చదువుతుందని వింటేనే తెలిసిపోతుంది.

"డ్రీమా గారూ, ఈ వారం మిమ్మల్ని మీరు అభినందించుకున్నారా?"

"లేదు తల్లీ. ఇంట్లో ఇంకెవరూ లేరు కదా, మొహమాటమేసింది."

టెస్ మూడు సలహాలిచ్చింది. ఆదివారం తీపి మానాలి. చదునైన చోట రోజూ నడవాలి. వేపుళ్ల పెనం కంటికి కనపడకుండా చేయాలి. చూశారుగా, ఏం పాపం ఉంది వీటిలో?

చర్చి కింది హాల్లో కొబ్బరి కేకు దగ్గర కత్తి పట్టుకుని నిలబడేది ట్విలా బ్రాగ్. ఆ కేకు ఆమెదే. దాన్ని కోయడం కూడా ఇంకొకరికి అప్పగించదు. ఎవరింట్లో ఎవరికి బాగోలేకపోయినా ఏ రోజు ఎవరు వండి తీసుకెళ్లాలో తేల్చేదీ ఆమే.

"ఏమే, ప్లేటు ఇలా పట్టు," అంది ట్విలా.

"నాకొద్దు ట్విలా."

"ఏది వద్దు?"

"కేకే. ఇవాళ్టికి వద్దులే."

హాల్లో చెంచాల చప్పుడు ఆగింది. అంతకు ముందు ట్విలా కేకు వద్దన్నవాడు లాటన్ తాత ఒక్కడే. ఆకులు రాలకముందే ఆయన్ను పాతిపెట్టి వచ్చారు.

"ఒంట్లో బాగానే ఉందా?" ట్విలా గొంతు తగ్గించింది.

"బానే ఉంది. మొన్న డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. తీపి మానమన్నాడు. ఇంకా చాలా చెప్పాడులే, తిండి దగ్గర అవన్నీ ఎందుకు."

ఆ చాలా అన్నది ఆకుకూరల గురించి. కానీ మా వైపు ఒక మర్యాద ఉంది. జబ్బు మనిషిని జబ్బేమిటని అడగరు, ఊళ్లో మిగతా అందర్నీ అడుగుతారు. ట్విలా కత్తి పక్కన పెట్టి, డ్రీమా భుజం మీద చేయి వేసి, ఆ సాయంత్రమే ఫోన్ దగ్గర కూర్చుంది.

ఇక నడక. మా కొండల్లో చదునైన నేల కావాలంటే సమాధుల తోటకు వెళ్లాలి. కింద లోయలో ఉన్న కాస్త మంచి నేలా మొక్కజొన్నకీ బంగాళాదుంపకీ కావాలి కాబట్టి, మా పెద్దవాళ్లు పోయినవాళ్లను గుట్ట పైకి మోసుకెళ్లి, అక్కడ నేల చదును చేసి పెట్టారు. డ్రీమా అక్కడ చుట్లు కొట్టింది. ఆయాసం వచ్చి ఆర్విల్ రాయి పక్కన కూలబడింది. ఆ రాయి ఇద్దరిదీ. ఆర్విల్ పోయినప్పుడే ఆమె పేరు కూడా చెక్కించారు, విడిగా చెక్కిస్తే ఖర్చెక్కువని. పుట్టిన ఏడు ఉంది, రెండోది ఖాళీగా ఉంది. పేరు మీద నాచు పట్టిందని ఆమె గోటితో గీకుతూ కూర్చుంది. సరిగ్గా అప్పుడే ట్విలా, ఆమె మొగుడు డెన్సిల్ ఆ దారిన ట్రక్కులో వెళ్లారు. ట్విలా అద్దం దించింది, చూసింది, మళ్లీ ఎక్కించింది.

ఆ తర్వాత పెనం. మా ఇళ్లలో పోత ఇనప పెనం తల్లి దగ్గర్నుంచి కూతురికి వస్తుంది, అదీ తల్లి పోయాక. ఇల్లు అమ్ముకున్నవాళ్లున్నారు, పొలం తాకట్టు పెట్టినవాళ్లున్నారు, బతికుండగా పెనం ఇచ్చినవాళ్లు లేరు. డ్రీమా దాన్ని అటక మీద పెట్టి చూసింది. రెండు రోజుల్లో నిచ్చెన వేసుకుని దించింది. ఇలా లాభం లేదని గుడ్డలో చుట్టుకుని ట్విలా గుమ్మం ఎక్కింది.

"ఇది నీ దగ్గర ఉంచుకో ట్విలా. ఇక నాకు దీంతో పనుండదు."

"ఇది మీ అమ్మది కదే."

"అమ్మమ్మది. ఇంట్లో ఉంటే నా మనసాగడం లేదు. నీ దగ్గరుంటే నాకు నిశ్చింత."

ట్విలా ఆ పెనాన్ని పసిపిల్లను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుంది. "నేను బాగా చూసుకుంటానే. నూనె రాసి పెడతాను," అని కళ్లు తుడుచుకుంది. ఓ పెనానికి ఇంత ఏడుపెందుకో తెలియక డ్రీమా ఇంటికొచ్చి ఆకుకూర ఉడకబెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ట్విలా నూడుల్స్‌తో ఉడికించిన కోడి తెచ్చింది. ఆ తర్వాత ఒకరు చీజు పరిచి కాల్చిన బంగాళాదుంపలు, ఇంకొకరు చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టెలూ, వేరొకరు ఆపిల్ కేకూ. గాజు గిన్నెల అడుగున తెల్ల టేపు, టేపు మీద పేర్లు. పాస్టర్ గారు విధవరాళ్ల మీద ఏదో ప్రసంగం చేసి ఉంటాడని డ్రీమా అనుకుంది. తెచ్చినవాళ్లు తెచ్చి వెళ్లిపోతే ఆమె ఓ మూల దాచిపెట్టేదేమో. వాళ్లు కూర్చున్నారు. ఎదురుగా కూర్చుని ఆమె నోటి వైపు చూస్తూ కూర్చున్నారు. తినక చస్తుందా?

తినడం ఒక ఎత్తు, ఆ ఇంట్లో అలికిడి ఒక ఎత్తు. చాలాకాలం తర్వాత వంటగదిలో కుర్చీలు చాలలేదు. ఎవరో కాఫీ పెట్టేవారు, ఎవరో బయట మంచు ఊడ్చేవారు, ఎవరి బావమరిదో కట్టెలు కొట్టి పేర్చి వెళ్లేవాడు. ట్విలా అయితే మధ్యాహ్నం వచ్చి పొద్దుగూకేదాకా కదిలేది కాదు.

"డెన్సిల్ ఎదురుచూస్తాడేమోనే," అంది డ్రీమా ఒకరోజు.

"ఆయన ఇంట్లో ఎక్కడుంటాడు, టీవీలో ఉంటాడు. కారు పందేలయ్యాక బయటికొచ్చి ఆకలంటాడు. నేను ఇంట్లో ఉన్నానో లేదో కనుక్కోవాలంటే ఆయనకి వారం పడుతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ట్విలాకు కూడా వెళ్లడానికి ఇంకో చోటు లేదని డ్రీమాకు అప్పటిదాకా తట్టలేదు.

పాస్టర్ హోబార్ట్ రెండో వారం వచ్చాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు.

"సిస్టర్, మీకు ఇష్టమైన పాటలేవో ముందే చెబితే మాకు తేలికగా ఉంటుంది."

"దేనికండీ?"

"ఆ రోజుకి."

"ఏ రోజుకి పాస్టర్ గారూ?"

ఆయన నేల వైపు చూశాడు. "అది ప్రభువుకే తెలియాలి సిస్టర్. మీరు భయపడకండి."

అప్పుడు వెలిగింది డ్రీమాకు. కేకు, సమాధి, పెనం, గిన్నెలు, వరసగా. ఆమె నోరు తెరిచింది. నాకేం రోగం లేదు బాబూ అనేస్తే సరిపోయేది. సింకు దగ్గర ట్విలా కప్పులు కడుగుతూ కూనిరాగం తీస్తోంది. ముందుగదిలో ఎవరో గలగలా మాట్లాడుతున్నారు. ఆ ఒక్క మాట అంటే వీళ్లంతా నిట్టూర్చి, సంతోషించి, ఎవరి గిన్నె వాళ్లు తీసుకుని లేచిపోతారు. మళ్లీ గడియారమే మిగులుతుంది. ఆమెకు గడియారమంటే భయమేసింది, చావంటే వేసినంత.

"ఏడుపు పాటలొద్దండి," అంది డ్రీమా. "కాస్త చప్పట్లు కొట్టేవి పాడండి."

ఇది అబద్ధం అవునో కాదో మీరే తేల్చుకోండి. ఎవరైనా ఏదో ఒక రోజు పోయేవాళ్లే, పాటలు చెప్పిపెట్టడంలో తప్పు లేదు. కానీ ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఈలోగా బరువు పెరిగింది. పెరగక ఏమవుతుంది? చావు దగ్గరపడ్డ మనిషి బొద్దుగా తయారవుతుంటే ఎవరికైనా అనుమానం రావాలి. ట్విలాకు రాలేదు.

"నీరు పట్టింది పాపం," అని తలుపు దగ్గర నిలబడి మిగతావాళ్లతో గుసగుసగా అంది. "మొహం చూడండి, ఎలా ఉబ్బిపోయిందో." మర్నాటి నుంచి రెండు పూటలా రావడం మొదలెట్టారు.

గురువారం టెస్ ఫోన్ చేసింది. "డ్రీమా గారూ, మీ బరువు లక్ష్యానికి దూరంగా జరుగుతోంది. ఏదైనా ఒత్తిడిలో ఉన్నారా?"

"లేదు తల్లీ. చాలా బావుంది."

"మీకు తోడుగా ఉండేవాళ్లు ఉన్నారా? ఉన్నారు, లేరు, చెప్పలేను. ఈ మూడింట్లో ఒకటి చెప్పండి."

"ఉన్నారు. నేను బాగుపడేదాకా ఉంటారు."

"చాలా సంతోషం. మీరు బాగుపడటమే మా లక్ష్యం," అని చదివింది టెస్.

అంతవరకు ఎలాగో సాగింది. ఓ రోజు పెట్రోలు బంకు పక్క కొట్లో డ్రీమా తన బొమ్మ తానే చూసింది. బడి వంటగదిలో తలకు వల కట్టుకుని గరిటె పట్టుకున్న పాత ఫోటో, గోడకంటించిన కాగితం మీద. ఫోటో కింద రాసి ఉంది: సిస్టర్ డ్రీమాను పెద్దాసుపత్రిలో చేర్చడానికి శనివారం అగ్నిమాపక హాల్లో విందు, తోచింది ఇవ్వండి. కింద గాజు సీసా. ఆమె చూస్తుండగానే ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న పాత గని కార్మికుడొకాయన, ఊపిరి కూడదీసుకుంటూ వచ్చి, జేబులోంచి ఒక నోటు తీసి, సరిచేసి, మడిచి సీసాలో వేశాడు. డ్రీమాను చూసి టోపీ తీశాడు. ఆమె పాలు కొనకుండానే బయటికొచ్చి గోడకానుకుని నిలబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ శనివారమే అందరి ముందూ చెప్పేయాలని నిశ్చయించుకుంది.

హాలు కిటకిటలాడింది. ఎర్ర ఇంజన్లను బయటికి తోసి బల్లలు వేశారు. పక్క లోయల వాళ్లు కూడా వచ్చారు. మొదటి వరసలో ట్విలా, చేతిలో రుమాలు. పాస్టర్ గారు ప్రార్థన ముగించి కూర్చోగానే డ్రీమా లేచింది.

"నేనొక మాట చెప్పాలి. నాకు జబ్బు లేదు."

ట్విలా రుమాలు కళ్లకద్దుకుంది.

"నిజంగానే లేదు. డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. ఏ రోగమూ లేదన్నాడు."

పాస్టర్ హోబార్ట్ మెల్లగా లేచాడు. ఆయన మొహంలోకి ఒక వెలుగు రావడం డ్రీమా చూసింది, చూసి భయపడింది.

"స్తోత్రం," అన్నాడాయన. "దేవుడికి స్తోత్రం."

హాలంతా లేచింది. "ముందు నుంచీ లేదు, ముందు నుంచీ," అంటూనే ఉంది డ్రీమా, ఎవరికి వినపడుతుంది? ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆమె తన చావుకు పాడమన్నలాంటిదే, చప్పట్లు కొట్టేది. ట్విలా వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆక్సిజన్ ముసలాయన కర్రతో నేల మీద తాళం వేశాడు. పోగైన డబ్బు అగ్నిమాపక హాలుకే ఇచ్చేయమని మాత్రం డ్రీమా పట్టుబట్టి చెప్పగలిగింది. దాంతో ఆమె పేరు ఇంకా పెరిగింది.

బాగుపడిన మనిషికి ఎవరూ వండి తీసుకురారు. సోమవారం నుంచి గిన్నెలు వెళ్లిపోవడం మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి, అడుగున పేరు చూసుకుని, ఆమె బుగ్గ మీద ముద్దుపెట్టి, గిన్నె చంకలో పెట్టుకుని వెళ్లారు. ఆఖరుకు ట్విలా వచ్చింది. పెద్ద గిన్నె తీసుకుని గుమ్మంలో ఆగింది.

"ఇంక నీకు బాగానే ఉంది కదా. నేను రానక్కర్లేదు," అంది. అని, కాసేపు అక్కడే నిలబడింది. ట్విలా వెళ్లిపోయింది.

ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. ఆమె గడియారాన్ని పడకగదిలోకి మార్చింది, అక్కడా వినపడుతోందని మళ్లీ వంటగదిలోకి తెచ్చింది. కట్టెలు తానే తెచ్చుకుంది. ఒంటరితనం కొత్తదైతే భరించవచ్చేమో. మధ్యలో జనం వచ్చి వెళ్లాక వచ్చేది చాలా బరువు.

తర్వాతి వారం ట్విలా పెనం తిరిగివ్వడానికి వచ్చింది. నల్లగా మెరుస్తోంది, చెప్పినట్టే నూనె రాసింది. "నీది నువ్వు తీసుకో. ఇంకా చాలాకాలం వండుకుంటావు," అంది.

డ్రీమాకు ఇక దాచబుద్ధి కాలేదు. "కూర్చో ట్విలా. నాకు ఏ అద్భుతమూ జరగలేదు. నాకసలు జబ్బే రాలేదు. బరువు తగ్గితే ప్రభుత్వం కార్డిస్తానంది, అందుకని తీపి మానాను, గుట్ట మీద నడిచాను, పెనం నీకిచ్చాను. మీరంతా వస్తుంటే బావుండి ఊరుకున్నాను. తప్పు నాదే."

ట్విలా కూర్చోలేదు, పెనం పట్టుకునే నిలబడింది.

"అయితే ఆ ఆదివారం నీ ఒంట్లో బాగానే ఉంది."

"ఉంది."

"ఏ రోగమూ లేదు."

"లేదు."

"నిక్షేపంలా ఉండి నా కేకు వద్దన్నావు," అంది ట్విలా. పెనం బల్ల మీద పెట్టి, కోటు గుండీలు పైనుంచి కిందిదాకా పెట్టుకుని వెళ్లిపోయింది. చనిపోతున్నట్టు నటించినందుకు క్షమించి ఉండేదేమో, దీనికి మాత్రం క్షమాపణ లేదు. తర్వాతి ఆదివారాల్లో ఆమె కేకు కోసి అందరి ప్లేట్లలోనూ వేసేది, డ్రీమా ప్లేటు దగ్గరకొచ్చేసరికి కత్తి తుడుచుకునేది.

ఒక్కదానికి ముద్ద దిగదు. అందుకని బరువు దిగింది. చేయడానికి వేరే పనిలేక ఆమె రోజూ గుట్ట ఎక్కింది. మంచు కరిగి, లోయలో బంగాళాదుంపలు నాటే వేళకు అనుకున్న బరువుకు వచ్చేసింది.

"అభినందనలు డ్రీమా గారూ," అంది టెస్. "మీ కార్డు మీద డబ్బు పడింది. మీరు లక్ష్యం చేరారు కాబట్టి ఇదే మన ఆఖరి ఫోన్. ఇకపై మీకు మా అవసరం ఉండదు."

డ్రీమా ఇస్త్రీ చొక్కా మెడపట్టీ సర్దుకుంది. "అవసరం లేదని నీకెవరు చెప్పారు తల్లీ?"

అటువైపు కాగితం చప్పుడైంది. తర్వాత ఆ పిల్ల గొంతు మొదటిసారి చదువుతున్నట్టు కాకుండా వినిపించింది. "ఏమో అండీ. అది నాకిచ్చిన ప్రశ్నల్లో లేదు."

"పోనీలే. నువ్వు వేళకు తిను."

ఫోన్ పెట్టేసి ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, కార్డు తీసుకుని కొట్టుకు వెళ్లింది. గుడ్లు, పాలు, కొబ్బరికాయ. మూడూ ఆరోగ్యమేనని మిషను ఒప్పుకుంది. నాలుగోది పెట్టగానే కుయ్యిమంది.

"పంచదార ఈ కార్డు మీద రాదండి," అంది కౌంటర్ అమ్మాయి. "కావాలంటే చేత్తో ఇచ్చేయండి."

సంచిలో చిల్లర ఉంది. డ్రీమా ఆ పంచదార పొట్లాం వైపు చూసి, "వద్దులే, ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు," అంది.

ట్విలా తలుపు తీసేసరికి డ్రీమా ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఖాళీ కప్పు పట్టుకుని ఉంది. లోపల టీవీలో కార్లు గిర్రున తిరుగుతున్నాయి.

"ఏంటి?"

"కప్పు పంచదార కావాలి."

ట్విలా సంచిలోకి తొంగి చూసింది. "కొబ్బరికాయ ఎందుకు?"

"కొబ్బరి కేకు చేద్దామని. నాకు రాదు. పక్కన నిలబడి చెప్పేవాళ్లుంటే బాగుండు."

"బడిలో ఇరవై ఏళ్లు వండి, నీకు కేకు రాదా?"

"నీ కేకు రాదు."

ట్విలా తలుపుకానుకుని నిలబడింది. "ఎవరైనా పోతున్నారా?"

"ఎవరూ పోవట్లేదు. ఎవరికీ ఒంట్లో బాలేకపోలేదు. ఊరికే."

"ఊరికేనా," అంది ట్విలా. మా ఊళ్లో ఊరికే ఒకరింటికి వెళ్లి కేకు చేసుకుని ఎన్నేళ్లయిందో ఆమె గుర్తు తెచ్చుకోవాలని చూసినట్టుంది. వెనక్కి తిరిగి, "డెన్సిల్, నేను డ్రీమా వాళ్లింటికి వెళ్తున్నా," అని కేకేసింది. లోపల్నుంచి జవాబు రాలేదు.

"ఆ కప్పు సంచిలో పెట్టు. డబ్బా పట్టుకొస్తాను," అంది ఏప్రన్ తగిలించుకుంటూ. "ఈసారి గనక వద్దన్నావో, గుట్ట మీద నీ పేరు కింద ఖాళీగా ఉన్న తేదీ నేనే చెక్కిస్తాను."

డ్రీమా రెండు ముక్కలు తింది. గుడ్లూ పాలూ కొబ్బరీ కార్డు మీద కొన్నవే కాబట్టి, రాష్ట్ర ప్రభుత్వం ఆ కేకును ఆరోగ్యం ఖాతాలోనే రాసుకుంది.